మేకు కొట్టని వారం

సోమవారం బీషియా టిఫిను కొట్టుకు సెలవు. సెలవంటే నడుం వాల్చడం కాదు, మిగతా రోజుల్లో వాయిదా వేసిన పనులన్నీ ఒకేసారి మీద పడటం. ఆ ఉదయం అనుకున్నవి మాత్రం తేలికైన పనులే. సిటీ బస్సు నడిపే మొగుడు కున్‌షాన్‌కు మధ్యాహ్నం దాకా డ్యూటీ లేదు కనుక, తుఫానుల కాలం మొదలయ్యేలోగా కొట్టు ముందు కొత్త రేకు పందిరి బిగిస్తాడు. ఈలోగా ఆమె బట్టలు మిషన్‌లో వేస్తుంది. ఆ తర్వాత ఇద్దరూ కలిసి పాత ఫ్రిజ్‌ను గోడ వారకు జరుపుతారు.

ఇందులో ఎక్కడెక్కడ కీడు పొంచి ఉందో బీషియా నిద్ర లేవగానే ఆలోచించి పెట్టుకుంది. నిచ్చెన జారవచ్చు. రేకు ఎగిరి దారిన పోయే స్కూటర్ మీద పడవచ్చు. ఫ్రిజ్ కింద పాము ఉండవచ్చు. తైనాన్ నగరం నడిబొడ్డున, ఇన్ని ఇళ్ల మధ్యకు పాము ఎలా వస్తుందని కున్‌షాన్ అడిగితే, "వచ్చేది నీకు చెప్పి వస్తుందా?" అంది. కూతురి ప్యాంటు జేబులో ఏముంటుందో అని మాత్రం ఆమె భయపడలేదు. భయపడటం మరిచిపోయిన ఆ ఒక్క చోటే కీడు ఉంది.

తెల్లటి ప్లాస్టిక్ పుల్ల. మందుల షాపులో అమ్ముతారే, గర్భం ఉందో లేదో చూసుకునేది. మధ్యలో చిన్న కిటికీ. కిటికీలో ఎర్రగా, నిటారుగా రెండు గీతలు. తన కాలంలో గీతలు ఇంత ఎర్రగా వచ్చేవి కావు. ఇప్పటి కంపెనీలు బాగా తయారు చేస్తున్నాయనుకుంది బీషియా. అలా అనుకున్నాక గానీ అది ఎవరి జేబులోదో ఆమెకు తట్టలేదు.

యున్‌రూకు పెళ్లి కాలేదు. విశ్వవిద్యాలయంలో ప్రజారోగ్యం మీద పైచదువు చదువుతోంది. "దేని మీదే నీ పరిశోధన?" అని తల్లి అడిగినప్పుడు, "స్కూలు పిల్లల్లో డెంగీ దోమల నివారణ" అని చెప్పింది. ఎండాకాలం వస్తే దోమల మందు బండి వీధి వీధి తిరిగే ఊరు అది. దోమలన్నాక ఎవరూ రెండో ప్రశ్న వేయరు.

బీషియాకు కూతుర్ని నిలదీయాలనిపించింది. నిలదీయకూడదు. మూడు నెలలు నిండేదాకా కడుపు సంగతి నోట మాట్లాడకూడదు. మాట్లాడితే లోపలి బిడ్డ చిన్నబుచ్చుకుని వెళ్లిపోతుంది. పెద్దవాళ్లు చెప్పిన మాట అది. మంచికో చెడుకో వచ్చిన బిడ్డ. తన నోటి వల్ల పోయిందన్న పాపం ఎందుకు? పైగా ఇంట్లో గర్భదేవత కొలువై ఉంటుంది. రోజుకో చోట ఉంటుంది, ఒక రోజు తలుపులో, ఒక రోజు మంచంలో. అది ఉన్నచోట మేకు కొట్టినా, సామాను జరిపినా, కత్తెర ఆడించినా, టేపు అంటించినా ఆ దెబ్బ బిడ్డకు తగులుతుంది. బీషియా పరుగున వెళ్లి గోడ మీది పంచాంగం చూసింది. ఈ రోజు దేవత గుమ్మంలో ఉంది.

గుమ్మంలో కున్‌షాన్ డ్రిల్లింగ్ మిషన్ పట్టుకుని నిచ్చెన మీద ఉన్నాడు.

"ఆపు! దిగు!"

"ఏమైందే?"

"రోజు బాగాలేదు."

"పొద్దున నువ్వేగా భేషుగ్గా ఉందన్నావు?"

"పొద్దున్నుంచీ ఎన్ని మారలేదు! దిగమన్నానా."

"ఒక పక్క బిగించేశాను. రెండో పక్క గాల్లో ఉంది."

"తాడేసి కట్టు."

పాతికేళ్ల కాపురంలో కున్‌షాన్ నేర్చుకున్నది ఒకటుంది. భార్య గొంతు ఆ స్థాయికి చేరాక కారణాలు అడిగితే అవి కూడా చెబుతుంది. అతను తాడు కట్టాడు.

అంతలో నెత్తి మీద ధడేల్‌మని చప్పుడైంది. పై అంతస్తులో రిటైరైన మాస్టారు త్సాయ్ ఉంటాడు. భార్య పోయాక ఒంటరి. ఆయన స్నానాలగది బాగు చేయిస్తున్నాడు. మేస్త్రీ సుత్తితో పాత పలకలు పగలగొడుతున్నాడు. బీషియా రెండేసి మెట్లు ఎక్కి పైకి పరుగెత్తింది.

"అన్నయ్యగారూ, ఆపించండి!"

"ఏం చెల్లెమ్మా, మీ కప్పు రాలుతోందా?"

"కప్పు రాలితే రాలనీండి. కొన్నాళ్లు ఈ కొట్టడాలూ బిగించడాలూ వద్దు. ఎందుకని మాత్రం అడక్కండి."

మేస్త్రీ సుత్తి కింద పెట్టాడు. "అడిగేదేముందమ్మా? ఎవరికి?"

ఆ ఊళ్లో మేకు కొట్టొద్దని బతిమాలుకునే మనిషికి కారణం ఒకటే ఉంటుంది. అది పసిపిల్లలకు కూడా తెలుసు. రహస్యాన్ని కాపాడటానికి వచ్చిన బీషియా, తానే దాన్ని డప్పు కొట్టుకుంటూ మెట్లెక్కి వచ్చానని అప్పుడు గ్రహించింది.

త్సాయ్ మాస్టారు లెక్కకు దిగాడు. "మీ ఇంట్లో ఉండేది ముగ్గురు. కున్‌షాన్‌ని తీసేద్దాం. అంటే మన అమ్మాయి..."

"నాకు!" అని అరిచింది బీషియా.

మేస్త్రీ ఆమె నడుం వంక చూశాడు.

"ఈ వయసులో! అంతా ఆ తల్లి దయ" అన్నాడు మేస్త్రీ.

"పని ఆపెయ్" అని మేస్త్రీకి చెప్పాడు త్సాయ్, కళ్లు తుడుచుకుంటూ. "నా స్నానాలగది ముఖ్యమా, ఒక ప్రాణం ముఖ్యమా?"

"ఎవరికీ చెప్పకండి అన్నయ్యగారూ. మూడు నెలలు నిండేదాకా."

"చస్తే చెప్పను."

ఆయన మాట తప్పలేదు. మేస్త్రీ దగ్గర మాత్రం ఎవరూ మాట తీసుకోలేదు.

మెట్లు దిగుతుండగా, సగం దారిలో, బీషియాకు ఇంకో సంగతి గుర్తొచ్చింది. యున్‌రూ పుట్టిన మరుసటేడే కున్‌షాన్ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నాడు. ఆమె గోడ పట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది.

ఆ సాయంత్రం యున్‌రూ వచ్చీ రాగానే సొరుగులన్నీ లాగి చూసింది.

"అమ్మా, కత్తెరేది?"

"పదును పెట్టడానికిచ్చాను."

"అతికించే టేపు?"

"అయిపోయింది."

"స్టేప్లరో?"

"దాన్నీ పదునుకే ఇచ్చాను."

"స్టేప్లర్‌కి పదునేంటమ్మా! శనివారం స్కూల్లో మీటింగ్ ఉంది, పోస్టర్లు చెయ్యాలి. పిల్లల తల్లిదండ్రులు ఒప్పుకుంటేనే పాఠాలు మొదలయ్యేది. లేకపోతే నా రెండేళ్ల కష్టం బూడిదే, తెలుసా?"

"దోమల పాఠానికి ఎవరొద్దంటారే?"

యున్‌రూ ఒక క్షణం తల్లి వంక చూసింది. ఏదో చెప్పబోయి, "కొందరికి దోమలంటే ఇష్టం" అని లోపలికి వెళ్లిపోయింది. పాపం ఎలా నలిగిపోతోందో అనుకుంది బీషియా. కత్తెర, టేపు, స్టేప్లర్ మూడూ బియ్యం డబ్బాలో, బియ్యం అడుగున ఉన్నాయి. కాగితాలు చేత్తో చించి, అన్నం మెతుకులతో అతికించి యున్‌రూ పోస్టర్లు పూర్తి చేసింది. అవి చూడటానికి ఎలుకలు కొరికినట్టున్నాయి. తల్లి దగ్గరకు వచ్చి చూడబోతే చటుక్కున బోర్లించేసింది.

మర్నాడు ఉదయం కొట్టు తెరిచేసరికి ఎదురింటి ఆగ్వీ వచ్చి నిలబడింది. ఆగ్వీది జుట్టు కత్తిరించే కొట్టు. వీధిలోని వార్తలన్నీ అక్కడ తలంటు పోసుకుని బయటికి వస్తాయి. ఆమె చేతిలో గిన్నె, గిన్నెలో అల్లం వేసి కాచిన చేప చారు.

"అక్కా, నాకు చెప్పకూడదా? పరాయిదాన్నయ్యానా? ముందు ఆ బకెట్ దించు! సోయా పాల బకెట్ నువ్వెత్తుతావా, ఈ స్థితిలో?"

"ఏ స్థితి?"

"సరే సరే, నువ్వు చెప్పొద్దు, నేను వినలేదు. మూడు నెలలు కాలేదుగా. కూర్చో. గుడ్డు అట్లు నేను పోస్తాను."

ఆగ్వీ పోసిన అట్లు పెనానికే అతుక్కున్నాయి. టిఫినుకు వచ్చినవాళ్లు ఒక్కరూ విసుక్కోలేదు. అందరూ బీషియా నడుం వంక ప్రేమగా చూసి, ముక్కలైన అట్టు తిని వెళ్లారు. ఇన్నేళ్లుగా సొంత అట్లు తిని పెంచుకున్న నడుం ఆ పూట ఆమెకు సాక్ష్యంగా పనికొచ్చింది.

ఇది ఇలా ఉండగా, త్సాయ్ మాస్టారు భుజాన తువ్వాలు, చేతిలో సబ్బుపెట్టెతో దిగి వచ్చాడు. "పైన పైపు పగలగొట్టి వదిలేశారు చెల్లెమ్మా. పని మళ్లీ మొదలెట్టేదాకా నాకు వేరే దారి లేదు. మీ స్నానాలగది కాస్త..." వద్దనడానికి బీషియాకు నోరు రాలేదు. పని ఆపించిందే ఆమె.

కాబట్టి ఆ మధ్యాహ్నం కున్‌షాన్ డిపో నుంచి వచ్చేసరికి చూసింది ఇదీ. అప్పటికే డిపోలో తోటి డ్రైవర్లు వీపు చరిచి, "పులివిరా నువ్వు! ఈ వయసులో!" అని పొగిడారు. ఎందుకో తెలిశాక అతను ఏమీ అనలేకపోయాడు. అనాలంటే ఆపరేషన్ సంగతి చెప్పాలి. అది ఇన్నేళ్లూ డిపోలో ఎవరికీ చెప్పలేదు. అలా ఆలోచనలో మునిగి గుమ్మంలో అడుగు పెట్టగానే, తన స్నానాలగదిలోంచి త్సాయ్ మాస్టారు తల తుడుచుకుంటూ, తన చెప్పులేసుకుని బయటికి వచ్చాడు.

"కున్‌షాన్, చెల్లెమ్మను జాగ్రత్తగా చూసుకోవయ్యా. ఏ అవసరం వచ్చినా పైన నేనున్నాను" అన్నాడు మాస్టారు ఆప్యాయంగా.

కున్‌షాన్ రెండు రోజులు ఆ చెప్పులు వేసుకోకుండా తిరిగాడు. మూడోరోజు కూతురి గది తలుపు దగ్గర నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"మా డిపోలో ఒకతను ఉన్నాడు. ఎప్పుడో ఆ... ఆపరేషన్ చేయించుకున్నాడు. మగవాళ్లది. అది మళ్లీ విడిపోతుందా?"

యున్‌రూ కాగితాల్లోంచి తలెత్తింది. "చాలా అరుదు నాన్నా. కానీ అరుదంటే అసలు జరగదని కాదు. ఎందుకు?"

"అతనికే."

అతను కొంచెం తేలికపడి వెళ్లాడు. యున్‌రూ మాత్రం కుర్చీలో బిగుసుకుపోయింది. ఆ పొద్దున్నే ఆగ్వీ ఆమెను వీధిలో ఆపి, "తమ్ముడా, చెల్లెలా, ఎవరు కావాలే నీకు?" అని అడిగితే వేళాకోళమనుకుంది. అమ్మ రెండు రోజులుగా బకెట్ ఎత్తడం లేదు. అమ్మ ఉలికిపాటుగా ఉంటోంది. అమ్మకు నలభై ఏడు. ఈ వయసులో కాన్పంటే ఎన్ని ప్రమాదాలో పుస్తకం చూడకుండా చెప్పగలదు యున్‌రూ. అమ్మ తనంతట తాను చెప్పేదాకా అడగడం మర్యాద కాదనుకుంది. వెళ్లి గర్భిణులు వేసుకునే విటమిన్ మాత్రలు కొనుక్కొచ్చి వంటగదిలో, అమ్మ కంటపడేలా పెట్టింది.

వాటిని చూసిన బీషియాకు ఉన్న ఒక్క అనుమానమూ తీరిపోయింది.

శుక్రవారం సాయంత్రం ఆ ఇంట్లో జరిగిన భోజనం చూసి తీరవలసినది. బల్ల మీద వీధంతా కలిసి పంపిన చేప చార్లు వరసగా ఉన్నాయి. బీషియా గరిటెతో కూతురి గిన్నె నింపింది. యున్‌రూ ఆ గిన్నెను తల్లి ముందుకు జరిపింది.

"నువ్వు తాగమ్మా. ఒంటికి మంచిది."

"నాకెందుకే? నువ్వు తాగు. నీకు కావాలి."

"నాకేం? నేను బాగానే ఉన్నాను. నువ్వే జాగ్రత్తగా ఉండాలి."

"నేను చూడాల్సినవన్నీ చూసినదాన్ని. నువ్వు ఇప్పుడిప్పుడే..." అని బీషియా నాలుక కరుచుకుంది.

గిన్నె నాలుగైదుసార్లు బల్ల అటూ ఇటూ తిరిగింది. చివరికి దాన్ని కున్‌షాన్ తీసుకుని గటగటా తాగేశాడు. ఆ వారం పడ్డ దిగులుకు ఓపిక అతనికీ కావాలి.

శనివారం పొద్దున వృత్తివిద్యా పాఠశాలలో మీటింగు. తల్లిదండ్రుల సంఘంలో ఆగ్వీ ఉంది, ఆమె కొడుకు అక్కడే చదువుతున్నాడు. టిఫిన్ల ఆర్డరు బీషియా కొట్టుకే ఇప్పించింది. బకెట్లు కున్‌షాన్ మోశాడు. పిల్లలు ఇళ్లకు తీసుకెళ్లిన ప్రకటనలో ప్రిన్సిపాల్ మొహమాటపడి "ఆరోగ్య భద్రతా కార్యక్రమం" అని రాసి ఊరుకున్నాడు. హాలు వెనక గరిటె పట్టుకుని నిలబడ్డ బీషియాకు ఒకటే దిగులు. అంతసేపు నిలబడి మాట్లాడితే పిల్లకు కళ్లు తిరుగుతాయేమో. ఎందుకైనా మంచిదని దిండు ఒకటి వెంట తెచ్చింది.

యున్‌రూ ఎలుకలు కొరికినట్టున్న పోస్టర్లు గోడకు ఆనించింది. మొదటి మాట నుంచీ స్పష్టంగా మాట్లాడింది.

"మీ పిల్లల్నే అడిగాం. ఒంటి గురించి, ప్రేమల గురించి, గర్భం రాకుండా, రోగాలు అంటకుండా చూసుకోవడం గురించి సందేహం వస్తే ఎవరినడుగుతారని. ఫోన్‌ని అడుగుతామన్నారు. స్నేహితుల్ని అడుగుతామన్నారు. అమ్మనో నాన్ననో అన్నవాళ్లు దాదాపు లేరు. ఆ పాఠం మేం బళ్లోనే చెప్పి, దానివల్ల తేడా వస్తుందో లేదో చూస్తాం."

దోమలేవీ? అనుకుంది బీషియా. గరిటె సోయా పాలలో మునిగిపోయింది.

హాలంతా గుసగుసలు. ఆగ్వీ లేచింది. "అమ్మాయ్, నువ్వు నా చేతుల్లో పెరిగినదానివి, తప్పుగా అనుకోకు. మీ అమ్మకు నలభై ఏడేళ్లు. ఈ వయసులో ఇప్పుడు... వీధంతా తెలుసు. ఇంట్లో మీ అమ్మానాన్నలకే నేర్పలేకపోయినదానివి, మా వాడికేం నేర్పుతావు?"

హాలు గొల్లుమంది. కున్‌షాన్ బకెట్ల వెనక్కి వంగి కూర్చున్నాడు. ప్రిన్సిపాల్ లేచి, చేతులు నలుపుకుంటూ, "అందరి మనసూ కుదిరాక, వచ్చే ఏడాది ఎప్పుడైనా..." అన్నాడు.

"మా అమ్మ సంగతి వేరు, దయచేసి ఆవిణ్ని ఇందులోకి లాగొద్దు" అంటూనే ఆమె సంచి విప్పి బల్ల మీద బోర్లించింది. "మేం చెప్పేది ఎంత మామూలు విషయమో ఒక్కసారి చూడండి. ఇవి చదవడం కూడా పిల్లలకు రాదు."

బల్ల మీద తెల్లటి పుల్లలు గుట్టగా పడ్డాయి. కొన్నింట్లో ఒక గీత, కొన్నింట్లో రెండు. బీషియా వాటిని కళ్లతోనే లెక్కపెట్టింది. ఇన్నిసార్లు చూసుకుందా, నా తల్లి!

"ఇవి నిజమైన పరీక్షలు కావు" అంటోంది యున్‌రూ. "పాఠం కోసం నేనే ఎర్ర పెన్నుతో గీతలు గీశాను. ఇంకొకటి ఉండాలి, ఎక్కడో పడేసుకున్నాను."

"పెన్నా?"

కేక వెనకనుంచి వచ్చింది. తలలన్నీ తిరిగాయి. బీషియా గరిటె నుంచి పాలు కారుతుండగా వరసల మధ్య నుంచి నడిచొచ్చి, వంట ఏప్రన్ జేబులోంచి ఎర్రగుడ్డ మూట తీసి విప్పింది. వారం రోజులుగా ఒంటిమీదే మోసుకు తిరుగుతున్న పుల్ల. వేలితో రుద్దింది. గీత వేలికి అంటుకుంది.

"నీకు కడుపు లేదూ?"

"నాకా! నీకు కదమ్మా?"

"నా కడుపులో సోయా పాలు తప్ప ఏమీ లేవే! నీ పేరు బయటికి రాకూడదని నాకే అన్నాను!"

హాలు పగలబడి నవ్వింది. బకెట్ల వెనకనుంచి కున్‌షాన్ మెల్లగా లేచాడు.

"అయితే త్సాయ్..."

"త్సాయ్ ఏంటి?"

"ఏం లేదు. ఆయన మంచివాడు అంటున్నా."

నవ్వు ఆగలేదు. యున్‌రూ పెదవులు బిగపట్టి పోస్టర్లు చుట్టడం మొదలుపెట్టింది. అది చూసేసరికి బీషియాకు ఒళ్లు మండింది. గరిటెతో బల్ల మీద ఒక్కటిచ్చింది.

"నవ్వండి, ఇంకా నవ్వండి! వారం రోజులు నేనూ నా కూతురూ ఎదురెదురుగా కూర్చుని చారు పోసుకున్నాం. ఏమైందే అని నేనడగలేదు, ఏమైందమ్మా అని అది అడగలేదు. అదేమో ఈ చదువే చదువుతోంది. దానికే నోరు రాలేదు! దోమల కోసమైతే మునిసిపాలిటీవాళ్లు వచ్చి ఇంటింటికీ పూలకుండీలు తిరగేసి చూస్తారు, ఎవరం సిగ్గుపడం. ఆగ్వీ, నీ కొడుకుని నువ్వు అడిగావా ఎప్పుడైనా?"

ఆగ్వీ తల దించుకుంది. "వాడు నా దగ్గర తలుపేసుకుంటాడక్కా" అంది చివరికి, చాలా చిన్న గొంతుతో.

హాల్లో నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఎవరి తలుపులు వాళ్లకు గుర్తొచ్చినట్టున్నాయి.

మొదట చెయ్యెత్తింది ఆగ్వీయే. "చెప్పమ్మా నీ పాఠం. మా వాణ్ని ముందు వరసలో కూర్చోబెట్టు." ఆ పక్కన ఇంకొకరు ఎత్తారు. చూస్తుండగానే హాలంతా చేతులైంది. ప్రిన్సిపాల్ కూడా, తనకు ఓటు లేదని మరిచిపోయి, ఒక చెయ్యెత్తాడు.

ఖాళీ బకెట్లతో కున్‌షాన్ వ్యాన్‌లో వెళ్లిపోయాడు. తల్లీకూతుళ్లు స్కూటర్ మీద బయల్దేరారు. వెనక కూర్చున్న యున్‌రూ, తల్లి భుజం మీద గడ్డం ఆనించి, "దోమలని అబద్ధం చెప్పానమ్మా. నువ్వు దిగులుపడతావని" అంది.

"నేనెప్పుడు పడను, దిగులు?" అంది బీషియా. తర్వాత సిగ్నల్‌లో ఎర్ర దీపం దగ్గర ఆగి, గుండె చిక్కబట్టుకుని, ఇంత వయసొచ్చాక మొదటిసారి కూతుర్ని సూటిగా అడిగింది. "నీకు ఎవరైనా ఉన్నారా?"

యున్‌రూ చెప్పింది. ఉన్నాడని చెప్పింది, ఎవరో చెప్పింది. ఎక్కడ కలిశారో, ఎంతదాకా వచ్చిందో, ఇద్దరూ ఏమేం జాగ్రత్తలు తీసుకుంటారో కూడా, తను చదివిన చదువుకు తగ్గట్టుగా వివరంగా, ఒక్క అంశమూ వదలకుండా, ఇంటి గుమ్మం దాకా చెబుతూనే ఉంది.

అడిగితే చెబుతారన్న సంగతి తెలియక ఇన్నాళ్లూ తానెంత సుఖంగా బతికిందో బీషియాకు అప్పుడు అర్థమైంది.